ముగ్గురికి ఫోటో తియ్యని మా బావ

నా చేతిరాత బాగుండదు, తప్పులు కూడా దొర్లుతాయి. చదివేవాళ్ళు మన్నించాలి. తమిళదేశంలోని మా నాగలాపురం బళ్ళో నేను చదివింది అరవం, అదీ అయిదో తరగతి దాకా. తెలుగు అక్షరాలు మా తాత వాకిట్లో ఇసుక పోసి దిద్దించినవి. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. అచ్చు వేసేవాళ్ళు దిద్దుకుంటారన్న ధైర్యంతో రాస్తున్నాను.

మా బావ పోయాడు. మా అక్క పెనిమిటి. కోవిల్పట్టిలో బస్టాండు వెనక వీధిలో ఫోటో స్టూడియో నడిపినాయన. విరుదునగరం ఆసుపత్రిలో పోయాడు. నేను బట్టలు మార్చుకుందామని ఆ పొద్దున్నే ఇంటికి వచ్చి ఉన్నాను. స్నానం చేసి చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంటే పక్కింటి అమ్మాయి సెల్లు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "తాతా, నీకే" అంది. నేను చెయ్యి చాపలేదు. అందుకోకపోతే ఆ సంగతి జరగనట్టే అనిపించింది. పాపం, ఆ పిల్లే తెచ్చి నా చెవికి ఆనించింది. అక్క గొంతు. "వచ్చేయి రా" అంది. అంతే.

నేను చిన్నప్పటినుంచీ భయస్తుణ్ణి. మా ఊళ్ళో అగ్గిపెట్టెలు చేసే చోటును తీపెట్టి ఆఫీసు అంటారు. అక్కడ పుల్లలు మందులో ముంచే పని చేశాను, రోజూ నిప్పుకు భయపడుతూ. ఆదివారాలు, ముహూర్తం రోజులు బావ వెంట వెళ్ళేవాణ్ణి. అక్కడ నాకు రెండు పనులు. ఆ రెండూ చెప్పకుండా బావ సంగతి చెప్పలేను.

మొదటిది నాలుగో మనిషిగా నిలబడటం. ముగ్గురు కలిసి ఫోటో దిగితే ఒకరికి కీడు అని మన ఇళ్ళలో ఒక నమ్మకం ఉంది కదా. వచ్చినవాళ్ళు పట్టించుకోకపోయినా బావ పట్టించుకునేవాడు. ఒక తల్లి, ఇద్దరు కొడుకులు వచ్చి నిలబడ్డారంటే కెమెరా దించేసేవాడు.

"ముగ్గురికి నేను పోటో ఎత్తను తల్లీ. బామ్మర్దీ, నువ్వు పోయి ఆ చివర నిలబడు."

"ఈయనెవరప్పా మా పోటోలో?"

"మీ పెదనాయన కొడుకు అనుకో. మంచోడు, ఆస్తిలో పాలు అడగడు."

నాకేమో సిగ్గు. వెళ్ళి చివర నిలబడేవాణ్ణి. "కెమెరాని చూడొద్దురా. నువ్వు చూశావంటే వాళ్ళింటి మనిషివైపోతావు. పక్కకి చూడు" అనేవాడు. అలా కోవిల్పట్టి నుంచి విరుదునగరం దాకా, అటు నరికుడి పల్లెల్లో కూడా, ఎన్ని ఇళ్ళ గోడల మీద పక్కకి చూస్తూ ఉన్నానో నాకే తెలియదు.

ఆయన ఎప్పుడూ సూర్యుణ్ణి వీపున పెట్టుకుని తీసేవాడు. పొద్దు వాలిందంటే ఆయన నీడ కూడా ఫోటోలో పడేది. మోచేతులు రెండూ పైకెత్తి, రెండు పిడులున్న కుండలా. ఒకామె ఆ మాట అడిగింది. "మా మామగారి కాళ్ళకాడ ఈ నీడేంది?" బావ నవ్వి, "ఉండనీ తల్లీ, నేనూ మీ ఇంట్లో ఒక మూల పడి ఉంటా" అన్నాడు.

రెండో పని ఆయన చొక్కా పట్టుకోవడం. ఆయనకు ఒక అలవాటు ఉండేది. కన్ను కెమెరాకు ఆనించాక, అందరూ అందులో పట్టేదాకా వెనక్కి వెనక్కి నడిచేవాడు. విరుదునగరంలో ఒక పెళ్ళిలో తాళి కట్టే వేళకు అలా నడిచి నడిచి ఉడుకుతున్న సాంబారు గుండిగలో కూర్చోబోయాడు. వంటవాళ్ళు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రం అక్క నన్ను పిలిచింది.

"ఇంక నువ్వు ఆయన చొక్కా పట్టుకో. కన్ను ఆ డబ్బాలో ఉంటే కాలు ఎక్కడ పడతాండాదో ఆయనకి తెలీదు. వదిలావంటే నా గడప తొక్కొద్దు."

అప్పటినుంచి ఎడమపక్క చొక్కా చివర రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఆయన వెనకే ఉండేవాణ్ణి. "లాగొద్దురా, పెండ్లికూతురు వణుకుతాండాది" అని విసుక్కునేవాడు.

తొంభైల్లో ఒక ఎండాకాలం సైన్యంవాళ్ళు విరుదునగరం అవతల పాడుపడిన రాతి క్వారీలో దిగారు. కాల్చేవాళ్ళు కాదు, కాపాడేవాళ్ళు. కొండల్లో, లోయల్లో గాయపడి చిక్కుకున్నవాళ్ళను తాళ్ళతో, హెలికాప్టరుతో బయటికి తెచ్చే దళం అది. అందరికీ ఆ పని ఇవ్వరట, ఏరి ఏరి తీసుకుంటారట. ఆ క్వారీలో అభ్యాసం చేస్తున్నారు. చేసేదంతా ఫోటోలు తీసి ఉంచుకోవాలి. వాళ్ళ ఫోటోల మనిషికి కామెర్లు వచ్చాయి. ఫిల్ము కడిగించుకుందామని ఒక ఆఫీసరు, ఒక హవల్దారు మా స్టూడియోకు వచ్చారు. వాకిట్లో గాజుపెట్టెలో బావ తీసిన ఒక ఫోటో ఉండేది. బావిలోకి దూకుతున్న మనిషి, గాలిలో, కింద నీళ్ళలో వాడి నీడ. ఆఫీసరు దాన్ని చాలాసేపు చూశాడు.

హవల్దారుది విజయనగరం వైపు. మా మాటలు విని తెల్లబోయాడు.

"ఏటండీ, మీరు మాటాడేది తెలుగేనా? మా తాతమ్మ మాటాడినట్టుంది."

"మీ తాతమ్మ మా ఊరిదేమో విచారించుకో" అన్నాడు బావ.

క్వారీకి వచ్చి ఫోటోలు తియ్యమని ఆఫీసరు అడిగితే బావ ఒప్పుకున్నాడు. అక్కకు చెబితే నా వంక చూసి, రెండు వేళ్ళు దగ్గరగా ఆనించి చూపించింది. పట్టుకో అని.

ఆ క్వారీని తలుచుకుంటే ఇప్పటికీ అరికాళ్ళు చల్లబడతాయి. పైన నిటారు గోడ. దాని కింద, నడిమధ్యలో, ఒక ఇంటి వాకిలంత రాతి అరుగు. ఒకప్పుడు రాయి కొట్టేవాళ్ళు నిలబడిన చోటు, నిచ్చెన మీద దిగాలి. ఆ అరుగు దాటితే మళ్ళీ గుంట, అడుగున పచ్చటి నీళ్ళు. వాళ్ళు పైన అంచుకు వీపు పెట్టి, ఒకరి తర్వాత ఒకరు, వెనక్కి నడిచి గాలిలోకి దిగేవాళ్ళు. ఇక్కడ అందరూ మా బావలాంటివాళ్ళే అనుకున్నాను. తేడా ఒకటే, వాళ్ళకు తాడు ఉంది.

తాడు లేకుండా అరుగు మీద ఎవరూ ఉండకూడదని కట్టడి. మా ఇద్దరి నడుములకూ తాళ్ళు కట్టి, గోడ మొదట్లో కొట్టిన ఇనుప మేకులకు ముడేశారు. అయినా నేను చొక్కా వదల్లేదు.

ఒకరోజు హెలికాప్టరు వచ్చింది. దుమ్ము, రాళ్ళు, చెవులు పగిలే మోత. గాయపడ్డ వేషం వేసిన సిపాయిని గుడ్డ మంచానికి కట్టి పైకి లాగుతుంటే ఆ మంచం గిరగిర తిరిగింది. బావ మోకాళ్ళ మీద కూర్చుని తీస్తున్నాడు. ఆయన వీపు వణకడం నా వేళ్ళకు తెలిసింది. హెలికాప్టరు వెళ్ళిపోయాక బీడీ వెలిగించుకోలేకపోయాడు. నేనే వెలిగించి ఇచ్చాను.

"ఆ తాడు తెగి ఉంటే, నేను ఎత్తిందే వాడికి చివరి పోటో రా" అన్నాడు.

అప్పుడు ఒక సంగతి చెప్పాడు. అంతకు ముందు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. స్టూడియో పెట్టిన కొత్తలో ముగ్గురు అన్నదమ్ములకు ఫోటో తీశాడట, పండక్కి కొత్త చొక్కాలు వేసుకుని వస్తే. కొన్నాళ్ళకు వాళ్ళ అమ్మ ఆ ఫోటో కొంగులో పెట్టుకుని వచ్చింది. "నడిమోణ్ణి మాత్రం కత్తిరించి పెద్దదిగా చేసి ఇయ్యి నాయనా, దండ వెయ్యాల" అంది.

"నమ్మకం కాదు రా అది. ఆ పోటో చాపిన అమ్మ చెయ్యి, ఇంకా కండ్లలోనే ఉండాది" అన్నాడు బావ.

హవల్దారు పక్కనే కూర్చుని వింటున్నాడు. నేను ధైర్యం చేసి అడిగాను. "మీకు బయం లేదా?"

"ఎందుకుండదండీ? బయం లేనోణ్ణి మేం తాడు మీదకి ఎక్కనివ్వం."

బావకు ఆ మాట చాలా నచ్చింది. ఆయనా అలాంటి మాటే అనేవాడు. ఫ్లాషుకు బెదిరి కళ్ళు మూసేవాళ్ళతో, "బయం ఉంటే ఉండనీ, కండ్లు మాత్రం మూయొద్దు" అని.

ఆఖరి రోజు ఆఫీసరు ముఖ్యమైన ఫోటో ఒకటి అడిగాడు. గోడకు తాటిచెట్టంత ఎత్తున, ఒకే చోట, హవల్దారు ఒకవైపు, ఇంకో సిపాయి ఒకవైపు, నడుమ గాయపడ్డవాడు. అందరూ తాళ్ళ మీద వేలాడుతున్నారు. పొద్దు వాలుతోంది. బావ అరుగు మీద నిలబడి కెమెరా ఎత్తాడు. నేను చొక్కా పట్టుకున్నాను. పైనుంచి ఆఫీసరు చెయ్యి ఊపాడు.

బావ కెమెరా దించేశాడు.

"ఏటైందండీ?" పైనుంచి హవల్దారు అరిచాడు.

"మీరు ముగ్గురున్నారు."

"ముగ్గురమే ఉండాలండీ. ఇదే మా పద్ధతి."

"మీ పద్ధతి మీది. ముగ్గురికి నేను ఎత్తేది లేదు. అందులో నడిమోడు పండుకొని ఉన్నాడు. నా చేత కాదు సార్."

హవల్దారు పైకి హిందీలో చెప్పాడు. పైన గట్టిగా ఏదో అన్నారు. కట్లు కట్టుకుని పడుకున్న సిపాయికి సంగతి తెలిసి నవ్వాపుకోలేక తాడు ఊగింది. కొంచెంసేపటికి హవల్దారు, "సార్ అడుగుతున్నారు. మరి నాలుగో మనిషి ఎవరు?" అన్నాడు.

బావ అలవాటు కొద్దీ తల తిప్పి నన్ను చూశాడు. అందరూ నన్నే చూశారు.

నన్ను గోడ మొదటికి పిలిచి తొడలకూ నడుముకూ పట్టీలు బిగించారు. పట్టీ బిగించే సిపాయి నా మొహం చూసి తొడ మీద మెల్లగా తట్టాడు. నేను బావతో, "నువ్వు కదలొద్దు బావా" అన్నాను.

"నేనేడికి పోతానురా, తాడుంది గదా" అన్నాడు.

చొక్కా వదిలాను. కాళ్ళ కింద నేల పోయింది.

పైకి లాగుతుంటే నాకు దేవుడు కూడా గుర్తు రాలేదు. పట్టీ కోసుకుంటోంది. రాతి గోడ భుజానికి తగిలి తిరిగిపోతోంది. వాళ్ళ పక్కకు చేర్చారు. "మీ పని మీరు చూసుకోండి, ఇటు చూడొద్దు" అని బావ వాళ్ళకు చెప్పి ఉన్నాడు. కాబట్టి ముగ్గురూ కట్లవైపే చూస్తున్నారు. నేను కూడా పక్కకి చూడాలి. కానీ ఎటు చూసినా గుంటే. కళ్ళు మూసుకుందామనుకున్నాను. ఆయన మాటే గుర్తొచ్చింది, మూయొద్దని. చూడటానికి భయం లేనిది ఆయన మొహం ఒక్కటే. దాన్నే చూశాను.

నేను చేరేసరికి నలుగురం కెమెరాలో పట్టలేదు. ఆయన వెనక్కి ఒక అడుగు వేశాడు. ఇంకొకటి. తాడు బిగుసుకుంది. ఇంక వెనక్కి పోనివ్వలేదు. కన్ను కెమెరా మీదనుంచి తియ్యకుండానే, ఎడమ చేత్తో నడుము దగ్గర ముడి విప్పేశాడు. చొక్కాకు ఏదో చిక్కుకుంటే విడిపించుకున్నట్టు. తాడు రాతి మీద పడింది. ఆయన ఇంకో అడుగు వేశాడు.

ఆయన వెనక అరుగు లేదు. ఆకాశం ఉంది.

బావా అని పిలుద్దామంటే పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. ఆయన మడమ అంచు మీదకు వచ్చింది. అప్పుడు నా కడుపులోంచి, నాకు తెలియకుండా, ఒకే మాట వచ్చింది.

"అక్కా!"

క్వారీ అంతా ఆ మాటే తిరిగింది. అక్కా, అక్కా, అక్కా అని.

బావ ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. కెమెరా దించి, "అక్క వచ్చిందా?" అని వెనక్కి చూశాడు. చిన్న రాయి ఒకటి జారింది. అది నీళ్ళలో పడ్డ చప్పుడు ఎంతకీ రాలేదు.

ఆయన మెల్లగా గొంతుక్కూర్చున్నాడు. ముందుకు రమ్మంటే కాళ్ళు రావడం లేదు. నోరు తెరుచుకుని మా వైపు చూస్తున్నాడు. నా పక్కన గాలి కదిలింది. చూసేసరికి హవల్దారు లేడు. తాడు మీద జారి అరుగు మీద పడి, పొట్ట మీద పాకుతున్నాడు. ఆయన చెయ్యి మొదట అందుకున్నది చొక్కా చివరే. అది చిరిగింది. రెండో చెయ్యి బావ నడుముపట్టీ అందుకుంది. ఇద్దరూ గోడ మొదటికి పాక్కుంటూ వచ్చారు.

నేను ఇంకా పైనే ఉన్నాను. ఏడుస్తున్నానని కూడా నాకు తెలియదు. గాయపడ్డ వేషం వేసిన కుర్రవాడు కట్లలోంచి చెయ్యి లాక్కుని నా చెయ్యి పట్టుకున్నాడు. వాడికి తెలుగు రాదు, అరవం రాదు. దించేదాకా వదల్లేదు.

కింద బావ హవల్దారు మోకాలు పట్టుకున్నాడు. "ఇందుకే గదండీ మేం నేర్చుకునేది" అన్నాడు హవల్దారు. ఆఫీసరు దిగివచ్చి తన చేత్తోనే బావ నడుముకు తాడు మళ్ళీ కట్టాడు. నిచ్చెన ఎక్కి పైకి వచ్చాకగాని విప్పనివ్వలేదు.

బస్సులో వచ్చాం. బావ కోవిల్పట్టిలో దిగి పల్లీలూ బెల్లం కలిపిన కడలమిఠాయి పొట్లం కొన్నాడు. "అక్కకి చెప్పొద్దురా" అన్నాడు. చెప్పలేదు. మరునాడు అక్క బట్టలు ఉతుకుతూ ఆ చొక్కా పైకెత్తి చూసింది.

"ఇది ఎవరు పట్టింది?"

"నేనే" అన్నాను.

"నువ్వు కాదు. నువ్వు పడితే నలుగుతాది. చిరగదు."

అని ఆ తడి చొక్కా మొహానికి పెట్టుకుని కూర్చుంది. బావ లోపలినుంచి తొంగి చూసి, మిఠాయి పొట్లం తెచ్చి ఆమె పక్కన పెట్టి పోయాడు.

ఉలికిపాటులో ఆయన వేలు నొక్కుకున్నట్టుంది. ఫిల్ము కడిగితే ఒక ఫోటో వచ్చింది. వంకరగా ఉంది. పైన నలుగురం. ముగ్గురు పనిలో ఉన్నారు. నేనొక్కణ్ణే, నోరు తెరిచి, తిన్నగా కెమెరాని చూస్తున్నాను. కింద రాతి మీద పొడుగ్గా బావ నీడ, పక్కన విప్పిన తాడు. మిగతావన్నీ వాళ్ళు తీసుకున్నారు. ఇది మాత్రం ఆఫీసరు తిరిగి ఇచ్చేశాడు. "ఇది మీ ఇంటిదని సార్ అంటున్నారండి" అని హవల్దారు చెప్పాడు.

ఇప్పుడు ఆసుపత్రి సంగతి. ఊపిరి ఆడక చేర్చాం. పోయే ముందురోజు పగలు మా అక్క మనవరాలు చూడటానికి వచ్చింది. ఆ పిల్ల సెల్లులో ఫోటో తియ్యబోయింది. మంచం మీద బావ, అటు అక్క, ఇటు నేను. "తాతా, ఇటు చూడు" అంది. బావ చెయ్యి అడ్డం పెట్టాడు. ఊపిరి కూడదీసుకుని, "ముగ్గురం" అన్నాడు. నర్సమ్మను పిలిచి, "నువ్వూ వచ్చి నిలబడు తల్లీ" అన్నాడు. "వస్తాను తాతా, ఈ సూదులు వేసి వస్తాను" అంది ఆమె. ఆమెకు ఎందరో రోగులు. రాలేకపోయింది. ఆ పిల్లకు బస్సు వేళయింది.

సాయంత్రం ఆయన నా వైపు తిరిగాడు. "బయంగా ఉండాది రా" అన్నాడు. నలభై ఏళ్ళలో ఆయన నోట తనకోసం ఆ మాట వినలేదు. ఆయన మాటే ఆయనకు చెబుదామనుకున్నాను. "బయం ఉంటే ఉండనీ బావా" అన్నాను. మిగిలిన సగం చెప్పలేకపోయాను. ఆయన చెయ్యి దుప్పటి మీద వెతికి వెతికి, నా చొక్కా చివర దొరకబుచ్చుకుంది. ఎడమపక్కది. నిద్రపట్టేదాకా వదల్లేదు.

పదహారోనాటికి దండ వెయ్యడానికి ఫోటో కావలసి వచ్చింది. స్టూడియో అంతా వెతికాం. ఊళ్ళోవాళ్ళందరి మొహాలూ ఉన్నాయి, ఆయనది లేదు. ఓటు కార్డులో ఒకటి ఉంది కానీ, అది ఈయనే అని అక్క ఒప్పుకోదు. క్వారీ ఫోటో తీసి చూపించాను, నీడైనా ఉంది కదా అని. అక్క వెనక్కి తోసేసింది. "ఆ రోజు నీడ నాకొద్దు. దాని వెనక గుంట ఉండాది. ఏదో ఒకరి వాకిట్లో పడిన నీడ తెచ్చియ్యి" అంది.

ఆయన మొహం నాకూ కొంచెం కొంచెంగా చెదురుతోంది. అదే ఇప్పుడు నాకున్న భయం. అందుకే సిగ్గు విడిచి రాస్తున్నాను. మీ ఇంట్లో ఎక్కడైనా పాత ఫోటోలో మీవాళ్ళు ముగ్గురు, చివర ఎవరో తెలియని సన్నటి మనిషి పక్కకి చూస్తూ ఉంటే, అది నేను. నన్ను వదిలేయండి. కింద మీ పెద్దల కాళ్ళ దగ్గర చూడండి. మోచేతులు రెండూ ఎత్తి, పిడుల కుండలాంటి నీడ ఉందేమో. ఉంటే ఈ పత్రికకు ఒక్క ముక్క రాయండి, నాకు చేరుస్తారు. ఫోటో పట్టుకుపోను. అక్కను తీసుకుని వచ్చి, మీ గుమ్మంలో నిలబడి చూసి పోతాం. ఆమెకు చూపు తగ్గుతోంది.

ఆ ఫోటోల్లో ఆయన నీడ ఒక్కటే ఉంటుంది. దాని వెనక ఎవరూ ఉండరు. చొక్కా పట్టుకోవలసినవాడు ఎదురుగా మీవాళ్ళ పక్కన నిలబడి, ఎటో చూస్తూ ఉంటాడు. తొందరగా రాయండి.